ఆక్లాండ్ నుంచి రేపల్లె దాకా

ఆక్లాండ్ విమానాశ్రయం నుంచి దోహా విమానాశ్రయానికి పద్నాలుగు వేల ఐదు వందల చిల్లర కిలోమీటర్లు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ రెండు ఊళ్ళూ నేను చూడలేదు, చూడబోయేదీ లేదు. అసలు విమానమే ఎక్కలేదు. బాపట్లలో ఒక బళ్ళో సోషల్ టీచర్ని. అట్లాసు మీద వేలు పెట్టి పిల్లలకి ప్రపంచమంతా తిప్పి చూపించి, సాయంత్రం ఇంటికెళ్ళి పప్పులో పోపు వేసుకునే మనిషిని. ఈ దూరం మాత్రం ఎనిమిది రోజులు, రోజుకి పదిసార్లు ఫోన్‌లో తీసి చూశాను. చూస్తే తగ్గేది కాదని తెలుసు. అయినా చూశాను.

మా చెల్లెలి భర్త ఆక్లాండ్‌లో పోయాడు. అక్కడ మనవాళ్ళు కట్టుకున్న గుళ్ళో ప్రసాదాల వంట అతని పని. అంతకుముందు రేపల్లెలో ఉండి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ వంటకి వెళ్ళేవాడు. భట్టిప్రోలు నుంచి ఇటు సముద్రం ఒడ్డు దాకా అతని చేతి పులిహోర తినని మా వాళ్ళు లేరు. ఆరేళ్ళ కిందట ఎవరో చెప్తే ఆ గుడి వాళ్ళు పిలిపించుకున్నారు. ఆరేళ్ళలో ఒక్కసారి వచ్చి వెళ్ళాడు. పిల్లలు లేరు. చెల్లెలు రేపల్లెలో అదే అద్దె ఇంట్లో, రెండు గదుల్లో ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ సంబంధం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. మా ఇంట్లో పిల్లని వంటవాడికి ఇవ్వడమేంటని పెళ్ళిపీటల ముందే మూతి ముడుచుకు కూర్చున్నాను. ఆ తర్వాత కూడా అతను మా ఇంటికి వస్తే పీట వేసి భోజనం పెట్టేదాన్నే గానీ కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. అతను మాత్రం నన్ను నోరారా వదినగారూ అనేవాడు. నా వంట తిని, "చారు అమృతంలా ఉందండి వదినగారూ" అనేవాడు. వంటవాడు మెచ్చుకుంటుంటే వెక్కిరిస్తున్నాడేమో అనుకునేదాన్ని. నా బుద్ధి అలా ఏడ్చింది.

ఆషాఢమాసం. బడులు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. పదిన్నరకి క్లాసులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఆయన పోయారంట" అంది. మొగుడు పోయిన మాట కూడా ఎవరో చెప్తే విని చెప్పాల్సి వచ్చింది దానికి. ఏడవలేదు. నీళ్ళ బిందె పోయిందన్నంత మామూలుగా చెప్పింది. అక్కడి గుడి మేనేజర్ ఫోన్ చేశాడట. ముందు రోజు రాత్రి వంట ముగించి గదికి వెళ్తూ మెట్ల మీద కూలబడిపోయాడట. ఆసుపత్రికి తీసుకెళ్తే తొమ్మిది నలభైకి ప్రాణం పోయిందని డాక్టర్లు రాశారట. అతని ఫోన్ తెరవడం వాళ్ళకి చేతకాక, చెల్లెలి నంబరు వెతికి పట్టుకునేసరికి ఇంత ఆలస్యం అయిందట.

సెలవు చీటీ రాసిచ్చి, చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కి, మధ్యాహ్నానికి రేపల్లె చేరాను. చెల్లెలు ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇంటావిడ పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగిస్తోంది. నన్ను చూడగానే అప్పుడు ఏడ్చింది నా చెల్లెలు. "మొహం చూపించక్కా నాకు. ఒక్కసారి ఇంటికి తెప్పించు. ఈ ఇంట్లోంచే వెళ్ళారు, ఈ ఇంటికే రావాలి" అంది. అంతకు మించి అది ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాతా అడగలేదు. ఇంటి ముందు పడుకోబెట్టుకుని, పసుపు నీళ్ళతో స్నానం చేయించి, పక్కన ఒక గంట కూర్చోవాలి. అంతే దాని కోరిక.

మా వాళ్ళలో ఎవరైనా పోతే మొదట అడిగే ప్రశ్న ఎలా పోయాడని కాదు, ఎన్నింటికి పోయాడని. దాన్నిబట్టి తిథి, తిథినిబట్టి మాసికాలు, తద్దినం. ఇంకోటి, నక్షత్రం. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి తాళం పెట్టి నెలల తరబడి బయట ఉండాలి. ధనిష్ఠ అయితే ఆరు నెలలు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఏసీ కార్లలో తిరిగేవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో కిక్కురుమనకుండా సామాను సర్దుకుంటారు. మనకెందుకొచ్చిన గొడవ అంటారు. నేనూ అలాగే అన్నదాన్నే.

తెనాలిలో మా మేనమామ పౌరోహిత్యం చేస్తాడు. పంచాంగం ఆయన చేతిలో ఉంటే మా ఇంటిల్లిపాదీ ఆయన నోటి వంక చూస్తాం. నేను వెళ్ళిన పావుగంటకే ఫోన్ చేశాడు. చెల్లెలికి వినబడాలని స్పీకర్ పెట్టాను.

"అమ్మాయ్, ఎన్నింటికి పోయాడు?"

"అక్కడి టైము రాత్రి తొమ్మిది నలభై మావయ్యా."

"అక్కడిది నాకెందుకు? మనకి ఎంత అయిందో చెప్పు."

ఇక్కడ నా పాండిత్యం బయటికి వచ్చింది. ఎవర్నీ అడగలేదు. అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పేదాన్ని, నాకు ఇంకొకళ్ళు చెప్పేదేంటి? కరెంటు బిల్లు వెనక రాసి లెక్క కట్టాను. ఆరున్నర గంటల తేడా. తెల్లవారుజామున నాలుగూ పది వచ్చింది. అదే చెప్పాను.

మావయ్య పంచాంగం తీశాడు. కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. "సరిగ్గా చూసుకున్నావా? నిన్న సాయంత్రం నాలుగింటి దాకా శ్రవణమే ఉంది. ఆ పైన మంచిది కాదు. కాస్త అటూ ఇటూ అయినా మొత్తం మారిపోతుంది" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను మావయ్యా, ఆ మాత్రం రాదా నాకు" అన్నాను. గొంతులో చిరాకు కూడా దాచుకోలేదు.

"అయితే ధనిష్ఠ" అన్నాడు.

అతను పోయింది ఎక్కడో సముద్రాల అవతల కదా, ఈ ఇంటికేంటి సంబంధం అని అడిగాను. "ఈ ఇంటికి దోషం లేదు, గడప లోపలికి రానంతవరకూ. తెచ్చి పడుకోబెట్టారా, ఇక్కడ పోయినట్టే లెక్క" అన్నాడు మావయ్య. తర్వాత గొంతు తగ్గించి, "అడిగావు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. అడక్కుండా ఉంటే నేనూ ఆ ఊసెత్తేవాణ్ణి కాదు" అన్నాడు. అప్పటికే ఇంటావిడ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది.

ఆవిడ చెడ్డది కాదు. ఆరేళ్ళుగా మా చెల్లెల్ని సొంత పిల్లలా చూసుకుంది. సాయంత్రం నన్ను గేటు దగ్గరికి పిలిచి, చీర కొంగు నలుపుతూ నిలబడింది. "ఏమనుకోకండి టీచర్ గారూ. మాకూ మనవలున్నారండి. పైన మా పెద్దబ్బాయి వాళ్ళు ఉంటున్నారు. ఇల్లు వదిలి ఆరు నెలలు ఎక్కడికి పోతామండి? అమ్మాయిని ఉండమనండి, ఎన్నాళ్ళైనా ఉండమనండి. ఆయన్ని మాత్రం లోపలికి వద్దండి. గేటు దాకా కూడా వద్దండి" అంది. అని ఏడ్చింది కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రపంచం ఆ చివర్నుంచి వస్తున్న మనిషికి ఇక్కడ మూడు గజాల అరుగు లేదా అని అరవాలనిపించింది. అరవలేదు. అద్దె ఇల్లు ఆవిడది. చెల్లెలు రేపు మళ్ళీ ఆ ఇంట్లోనే ఉండాలి.

మరిదికి ఒక అన్నగారు ఉన్నారు, పొన్నూరులో. కర్మ చేయాల్సింది ఆయనే. ఆయనకి ఫోన్ చేస్తే, వాళ్ళది అపార్ట్‌మెంట్ అనీ, శవాన్ని కాంపౌండ్‌లోకే రానివ్వరనీ, అసోసియేషన్ వాళ్ళు కాగితం మీద రాసి పెట్టారనీ చెప్పాడు. నక్షత్రం సంగతి తెలియకముందే ఆ మాట అన్నాడు కాబట్టి ఆయన్ని నేనేమీ అనలేను.

రెండో రోజు పొద్దున చెల్లెలు నా పక్కన చాప మీద కూర్చుని, నా వంక చూడకుండా అడిగింది. "అక్కా, మీ ఇంటికి తీసుకెళ్దామా? ఒక్క గంట. స్నానం చేయించి తీసుకెళ్ళిపోదాం."

మాది బాపట్లలో సొంత ఇల్లు. మా ఆయనా నేనూ ఇరవై ఏళ్ళు కూడబెట్టి కట్టుకున్నాం. గృహప్రవేశం అయి ఏడాది తిరగలేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండిపోయినా తీయబుద్ధి కాక అలాగే ఉంచాను. దాని మాట వినగానే నా కళ్ళ ముందుకి వచ్చింది మరిది కాదు, ఆ ఇల్లు. తాళం వేసి ఉన్న నా ఇల్లు. ఆరు నెలలు ఎక్కడో అద్దెకి, ఎవరి వంటింట్లోనో నా గిన్నెలు.

"మావయ్యని అడుగుదాం" అన్నాను.

మావయ్య ఏం చెప్తాడో నాకూ తెలుసు, దానికీ తెలుసు. ఊఁ అంది. నేను అడగలేదు. అదీ మళ్ళీ అడగలేదు. మా ఆయనతో అసలు చెప్పనే లేదు. చెప్తే, తీసుకురండి ఏమైతే అయింది అనేవాడేమో. ఆయన నక్షత్రాలకి భయపడే రకం కాదు. అందుకే చెప్పలేదు. నా తప్పు ఎక్కడుందని వెతుక్కుంటే, కరెంటు బిల్లు వెనక వేసిన లెక్కలో కంటే ఈ చెప్పకపోవడంలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది.

అక్కడ కాగితాలు కావడానికి ఆరు రోజులు పట్టింది. డాక్టర్ల రిపోర్టు, మన ఎంబసీ వాళ్ళ అనుమతి, శవపేటిక, విమానంలో చోటు. గుడి వాళ్ళు మంచివాళ్ళు, అన్నీ దగ్గరుండి చూశారు. ఆ రోజుల్లో నేను చేసిందల్లా ఫోన్‌లో ఆ దూరం చూస్తూ కూర్చోవడం. ఆక్లాండ్ నుంచి శంషాబాద్‌కి నేరుగా విమానం లేదు. నేరుగా ఉంటే పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లు. కానీ ముందు దోహా తీసుకెళ్ళి, అక్కణ్ణించి వేరే విమానంలో వెనక్కి తేవాలి. ఆక్లాండ్‌కీ దోహాకీ మధ్య ఫోన్ ఒక గీత గీసి చూపించింది. ఆస్ట్రేలియా దాటి, సముద్రం దాటి, శ్రీలంక మీదుగా కేరళ కొస రాసుకుంటూ పోయింది ఆ గీత. అంటే అతను మన దేశం అంచు మీద నుంచే వెళ్ళిపోతాడు. ఆగకుండా అరబ్బుల దేశం దాకా పోయి, మళ్ళీ మూడు వేల కిలోమీటర్లు వెనక్కి వస్తాడు. బస్సులో నిద్రపోయి దిగాల్సిన ఊరు దాటిపోయిన మనిషిలాగా.

విమానం బయల్దేరిన రోజు చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ గీత వంక చాలాసేపు చూసింది. "ఇప్పుడెక్కడ ఉన్నారు?" అని అడిగింది. పదిహేడు గంటల ప్రయాణం. నేను గంటకి ఎనిమిది వందల యాభై చొప్పున లెక్క వేసి, ఇప్పుడు ఆస్ట్రేలియా దాటాడు, ఇప్పుడు నీళ్ళ మీద ఉన్నాడు అని చెప్తూ వచ్చాను. శ్రీలంక దగ్గరికి వచ్చాడన్నప్పుడు అది లేచి వాకిట్లోకి వెళ్ళి దక్షిణం వైపు తిరిగి నిలబడింది. మబ్బు పట్టి ఉంది, ఏమీ కనబడదు. నేను పిలిచినా లోపలికి రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున శంషాబాద్ నుంచి వ్యాన్‌లో బయల్దేరి మధ్యాహ్నానికి రేపల్లె వచ్చారు. పొన్నూరు బావగారు వెంట ఉన్నాడు. వాన. ఎక్కడ ఆపాలో ముందే అనుకున్నాం. చెల్లెలు ఉండే వీధి మొదట్లో, మెయిన్ రోడ్డు పక్కన, మూసేసిన ఒక బియ్యం కొట్టు ముందు. అక్కణ్ణించి చెల్లెలి ఇల్లు నూరు అడుగులు కూడా ఉండదు. దాన్ని చెయ్యి పట్టుకుని నేనే నడిపించుకొచ్చాను. వీధిలో ఒక్కొక్క తలుపే మూసుకుంది. వాన జల్లు లోపలికి కొడుతోందని మూసుకున్నారేమో, నేను ఎవర్నీ అనను.

వ్యాన్ వెనక తలుపు తీసి, చెక్కపెట్టె మూత స్క్రూలు విప్పారు. లోపల రేకు పెట్టె. దాన్ని కత్తిరించారు. ఆ చప్పుడుకి చెల్లెలు నా భుజం మీద తల పెట్టుకుంది. మూత పక్కకి జరిపాక చూశాం.

అతనికి కోటు తొడిగారు. నల్ల కోటు, తెల్ల చొక్కా, మెడలో టై. అక్కడ శవాన్ని అలాగే సిద్ధం చేస్తారట, ఎవరి తప్పూ లేదు. మొహానికి పౌడరు రాసి, జుట్టు ఒక పక్కకి దువ్వారు. పుట్టి బుద్ధెరిగాక పంచె, ఉత్తరీయం తప్ప వేసుకోని మనిషి. గాడిపొయ్యి ముందు నిలబడి నిలబడి ఎర్రబడ్డ మొహం. ఆ మొహం మీద ఇప్పుడు లేత గులాబి రంగు. ఎవరో బ్యాంకు మేనేజర్ని పొరపాటున పంపించారేమో అనిపించింది నాకు. ఒక్క క్షణం ఆశ కూడా పడ్డాను.

"ఈ కోటు తీసేయండి" అంది చెల్లెలు.

ఎవరూ కదల్లేదు. రోడ్డు మీద ఎలా తీస్తారు? వెనక బస్సు హారన్ కొడుతోంది.

"ఈ కోటు తీసేయండి బావగారూ. ఇలా పంపకండి ఆయన్ని" అంది మళ్ళీ. పొన్నూరు బావగారు తల వంచుకుని, "శ్మశానంలో తీద్దాంలేమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు మా వాళ్ళలో. అంటే పంచెలో అతన్ని అది ఇక చూడదు. అది చెయ్యి చాపి ఆ టై ముడి విప్పబోయింది. వేళ్ళకి అది ఎలా ఊడుతుందో తెలియదు. లాగింది, ఇంకా బిగిసింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. పావుగంట కూడా కాలేదు. మూత వేసేశారు. వ్యాన్ వెళ్ళిపోయింది. పసుపు కలిపిన నీళ్ళ బిందె ఇంటి వెనక అలాగే ఉంది. సాయంత్రం ఇంటావిడ ఆ నీళ్ళు మొక్కలకి పోసింది.

కర్మలు అయ్యాయి. నేను బాపట్ల వచ్చి బడికి వెళ్తున్నాను. నెల తిరిగి మొదటి మాసికం కూడా అయింది. ఆ వారమే తొమ్మిదో తరగతికి కాలమండలాల పాఠం వచ్చింది. ప్రతి సంవత్సరం ఒకటే లెక్క ఇస్తాను. లండన్‌లో ఉదయం ఆరు గంటలైతే మనకెంత? ఐదున్నర కలపండి, పదకొండున్నర. నాకు తెలిసినవాళ్ళ పిల్లలందరూ ఉన్న దేశాలు అటు పడమటివైపువే. ఎప్పుడూ కలపడమే. చాక్‌పీసు పట్టుకుంటే చెయ్యి దానంతట అదే కూడిక గుర్తు వేస్తుంది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "జపాన్‌లో ఆరైతే టీచర్?" అని అడిగింది.

"జపాన్ మనకి తూర్పున కదమ్మా. వాళ్ళకి సూర్యుడు ముందు వస్తాడు. అప్పుడు తీసెయ్యాలి" అన్నాను.

అన్నాక బోర్డు వైపు తిరిగి, తీసివేత గుర్తు వేసి, ఆగిపోయాను. ఆక్లాండ్ జపాన్ కంటే కూడా తూర్పున. తొమ్మిది నలభైలోంచి ఆరున్నర గంటలు తీసెయ్యాలి. ముందు రోజు మధ్యాహ్నం మూడూ పది. శ్రవణం. ఏ దోషమూ లేదు. ఏ ఇంటికైనా తీసుకెళ్ళచ్చు. పిల్లలు నా వీపు వంకే చూస్తున్నారు. కుర్చీలో కూర్చుండిపోయాను. పుస్తకం తీసి చదువుకోమని చెప్పాను.

మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "అయితే తిథి కూడా తప్పే. విదియ కాదు, పాడ్యమి. వచ్చే నెల నుంచి మార్చుకోవాలి" అన్నాడు. తర్వాత, "శుభ్రంగా వాకిట్లో పడుకోబెట్టుకోవాల్సింది పిల్ల" అన్నాడు. "దానికి నేను చెప్పలేను. నువ్వే చెప్పాలి" అని పెట్టేశాడు.

తిథి మార్చాలి కాబట్టి చెప్పక తప్పదు. లేకపోతే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదేమో. పైకి ఎన్ని పాఠాలు చెప్పినా నేను పిరికిదాన్ని. ఆదివారం రేపల్లె బస్సులో కూర్చున్నంతసేపూ ఏ మాట ముందు, ఏ మాట వెనక అని సర్దుకుంటూనే ఉన్నాను.

చెల్లెలు వంటింట్లో బియ్యం ఏరుతోంది. నాకు కాఫీ ఇచ్చింది. తాగకుండానే చెప్పేశాను. లెక్క తప్పు వేశానే, కలిపాను, తీసెయ్యాలి, ధనిష్ఠ కాదు, శ్రవణం. తెల్లవారుజామున నాలుగూ పది కాదు, అంతకుముందు రోజు మధ్యాహ్నం మూడూ పది. మన ఇంటికి తెచ్చుకోవాల్సింది, నా చేతులారా చెడగొట్టాను. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

అది చేట పక్కన పెట్టింది. ఏడవలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

"తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు?"

"టైము తెలుసు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసేవారు. అప్పటికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. పొయ్యి ఆర్పి, స్నానం చేసి చేసేవారు. ఆరేళ్ళు, ఒక్క రోజు తప్పలేదు. ఆ రోజు మూడింటికి ఫోన్ రాలేదు. నాలుగైంది, ఐదైంది. నాకప్పుడే భయమేసింది. నువ్వు మావయ్యకి తెల్లవారుజాము అని చెప్తుంటే, అది కాదని నాకు తెలుసు."

"మరి అప్పుడే చెప్పాల్సింది కదే" అన్నాను. చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా, దాని మొగుణ్ణి అది తెచ్చుకునేది కదా అని ఇంకా నాకు దాని మీదే కోపం వచ్చింది. అంత దిక్కుమాలిన బుద్ధి నాది.

"నువ్వు పొరపాటు పడ్డావని అనుకోలేదక్కా" అంది అది. "ఇలాంటివి నీకు నోటికొచ్చు కదా. ఆయన్ని ఎక్కడ మీ ఇంటికి తెమ్మంటానో అని, కావాలనే అలా చెప్పావనుకున్నాను. నీకు ఆయనంటే మొదట్నుంచీ గిట్టదు కదా. పదిమందిలో నిన్ను తక్కువ చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను."

కాదనాలి. కాదే, నిజంగానే పొరపాటు, ఒట్టు అనాలి. అనబోయాను. కరెంటు బిల్లు వెనక లెక్క వేసినప్పుడు నాకు నా ఇల్లు గుర్తుకొచ్చిందా, లేదా? లేదనే అనుకుంటున్నాను. కానీ ఒట్టు పెట్టమంటే పెట్టలేను.

అది నా మొహం వంక కాసేపు చూసి, మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, "కాఫీ చల్లారిపోతోంది" అంది.